ఇరవై ఏళ్ళ టీ, రెండేళ్ళ అద్దె ఇల్లు

ముందే చెప్పేస్తున్నాను, ఇది మన అల్లం టీ గురించి కాదు. పాలు, పంచదార, యాలకులు ఏవీ పడని టీ గురించి. అదీ తయారై 20 ఏళ్ళు దాటిన టీ గురించి. ఫోన్లో ఈ సంగతి చెప్తే మా అమ్మ, "అన్నేళ్ళ నాటి ఆకు తాగడమేంట్రా, పురుగులు పట్టి ఉండవూ?" అంది. న్యాయమైన అనుమానమే. కానీ ఇదే అమ్మ పాత బియ్యం దొరికితే నాలుగు రూపాయలు ఎక్కువిచ్చి మరీ కొంటుంది. కొత్త బియ్యమైతే అన్నం ముద్దవుతుందని, పాతవైతే పొడిపొడిగా వస్తుందని ఆవిడకి ఎవరూ చెప్పక్కర్లేదు. కొన్ని వస్తువులు వయసు మీదపడితే పాడవుతాయి, కొన్నిటికి వయసొచ్చాకే బుద్ధొస్తుంది. పూ-అర్ టీ రెండో రకం.

కాకపోతే అన్ని పాత వస్తువుల్లాగే దీని చుట్టూ కూడా కథలెక్కువ. నా అభిప్రాయం ఒక్క ముక్కలో చెప్పాలంటే, పాత టీకి మనమిచ్చే డబ్బు ఆకుకి కాదు, దానిమీద రాసుండే సంవత్సరానికీ కాదు. అన్నేళ్ళపాటు దాన్ని కదపకుండా, కనిపెట్టుకుని ఉన్న మనిషికి. ఈ మాట ఎందుకంటున్నానో చెప్తాను, కాస్త ఓపిక పట్టండి. టీ కూడా ఓపిక పట్టేదే కదా :)

పూ-అర్ చైనాకి నైరుతి మూల, బర్మా, లావోస్, వియత్నాంలని ఆనుకుని ఉన్న యునాన్ రాష్ట్రపు టీ. ఒకప్పుడు ఈ సరుకంతా పోగయ్యే సంత ఊరి పేరే టీకి అంటుకుంది. 2007లో సిమావో అనే నగరం ఏకంగా తన పేరే పూ-అర్ అని మార్చుకుంది. అక్కడి జింగ్‌మై కొండమీది పాత టీ అడవుల్ని 2023లో యునెస్కో ప్రపంచ వారసత్వ జాబితాలో చేర్చింది కూడా. ఇంత హడావిడి ఉన్న చెట్టు మనకి తెలియందేం కాదు. దాని శాస్త్రీయనామం చివర 'అస్సామికా' అని ఉంటుంది. అంటే అస్సాం తోటల్లో పెరిగే పెద్దాకు రకమే. మన టీకొట్లో పొద్దున్నించీ మరిగే డస్ట్ టీకి ఇది దగ్గరి చుట్టమన్నమాట.

తేడా అంతా తయారీలో ఉంది. మన పొడి టీ ఆకుని తుంచి, నలిపి, గాలికి పూర్తిగా ఎర్రబడనిచ్చి, వేడిగాలితో ఎండబెట్టేస్తారు. దాని కథ అక్కడితో సమాప్తం. పూ-అర్ ఆకుని మాత్రం కోశాక కాస్త వాడనిచ్చి, పెద్ద మూకుడులో వేపుతారు. గ్రీన్ టీకి చేసినంత గట్టిగా కాదు, ఓ మోస్తరుగా. తర్వాత చేత్తో నలిపి ఎండలో ఆరబెడతారు. దాంతో ఆకులో ఉండే ఎంజైములు పూర్తిగా చావవు. ఆ ఆకుని ఆవిరి పట్టి, గుడ్డసంచిలో పెట్టి, బరువుకింద నొక్కి గుండ్రటి బిళ్ళలు చేస్తారు. ఒక్కో బిళ్ళ 357 గ్రాములు. అలాంటివి ఏడు కలిపి వెదురు పొరలో కట్టిన కట్టని 'తోంగ్' అంటారు, దాదాపు రెండున్నర కిలోలు. మొదటిసారి చూసినప్పుడు నాకైతే కాగితంలో చుట్టిన పిడక గుర్తొచ్చింది. ఇక్కణ్ణించి గాలి, తేమ, సూక్ష్మజీవులు, మిగిలిన ఎంజైములు కలిసి ఏళ్ళ తరబడి నెమ్మదిగా పనిచేస్తాయి. చేదు, వగరు తగ్గుతాయి. ఆకుపచ్చ గోధుమరంగుకి తిరుగుతుంది. దీన్ని షెంగ్ అంటారు, అంటే పచ్చిది.

షౌ అని ఇంకోటుంది, అంటే పండినది. అన్నేళ్ళు ఆగలేని జనం కోసం 1973లో కున్‌మింగ్ టీ ఫ్యాక్టరీలో ఒక పద్ధతి కనిపెట్టారు. ఆకుని కుప్పపోసి, నీళ్ళు చల్లి, కప్పెట్టి, వారాల తరబడి తిరగేస్తూ పులియబెడతారు. మామిడికాయలు గడ్డిలో మగ్గబెట్టినట్టు. రెండు మూడు నెలల్లో నల్లటి టీ తయారు. షౌ చెడ్డదేం కాదు, రోజూ తాగడానికి నేను కొనేది అదే. కానీ అది పాత షెంగ్‌లా ఉంటుందని ఎవరైనా అంటే మాత్రం నమ్మకండి. మగ్గబెట్టిన పండుకి రంగొస్తుంది, తీపీ వస్తుంది, చెట్టుమీద ఉన్న రోజులు రావు.

పనిమీద హాంకాంగ్‌లో ఉండటంవల్ల నాకీ పిచ్చి పట్టింది. అక్కడ డిమ్‌సమ్ హోటల్లో కూర్చుంటే ముందు ఏం టీ అని అడుగుతారు. 'పో లేయ్' అంటే పూ-అరే, కాంటనీస్‌లో. షెంగ్ వాన్ వైపు ఎండుచేపల అంగళ్ళ మధ్య పాత టీ కొట్లు కొన్ని ఉన్నాయి. అలాంటి ఒక కొట్లో 2003 నాటి షెంగ్ ఒక 25 గ్రాములు కొన్నాను. మంచి బుఫే భోజనమంత ఖరీదు. 2003 అంటే నేను ఎక్కాలు బట్టీపడుతున్న రోజులు. కొట్టు పెద్దాయనకి 70 పైనే ఉంటాయి. "ఇది నిజంగా 2003దేనా?" అని అడిగితే నవ్వాడు. "నేను చెప్తాను, నువ్వు నమ్ముతావు. దానికన్నా తాగి చూసుకో" అన్నాడు.

తాగి చూడటం ఎలాగో చెప్తాను. మూతా, సాసరూ ఉండే గైవాన్ అనే చిన్న పింగాణీ గిన్నె కావాలి, 100 మిల్లీలీటర్లది చాలు. దానికి 6 గ్రాముల ఆకు. బిళ్ళని సుత్తితో బద్దలుకొట్టకూడదు, పల్చటి మొనతో పొరలవెంట పెళ్ళగించాలి. లేకపోతే ఆకు పొడైపోయి టీ విషంలా దిగుతుంది. నీళ్ళు సలసలా కాగాలి. గ్రీన్ టీకి చల్లార్చినట్టు ఇక్కడ చల్లార్చక్కర్లేదు, ముసలి ఆకు దేనికీ బెదరదు. మొదటి నీళ్ళు పోసి ఐదు సెకన్లలో పారబొయ్యాలి. అది ఆకు కడగడానికి, నిద్రలేపడానికి. ఆ తర్వాత 10 సెకన్లు ఉంచి వంచుకోవాలి. అలా 12 నుంచి 15 సార్లు అదే ఆకుమీద నీళ్ళు పోసుకోవచ్చు. ముందు ముందు సమయం పెంచుకుంటూ పోవాలి, చివరికొచ్చేసరికి రెండు మూడు నిమిషాలు.

కడిగిన ఆకు వాసన చూస్తే చాన్నాళ్ళు తాళంవేసి ఉన్న గది తలుపు తీసినట్టుంది. పాత చెక్క, కాస్త వానమట్టి. బూజు వాసన మాత్రం లేదు. ఈ తేడా ముఖ్యం. చెక్కవాసన వయసుది, బూజు వాసన నిర్లక్ష్యానిది. మొదటి కప్పు సుగంధి షర్బత్ రంగులో, తేటగా ఉంది. తేట అన్నమాట కూడా గుర్తుపెట్టుకోండి, మడ్డిగా ఉంటే అనుమానించాలి. రెండు, మూడు కప్పుల్లో చేదు తెలిసింది. అన్నేళ్ళైనా చేదు పూర్తిగా పోలేదు. కానీ మింగిన అర నిమిషానికి గొంతులోంచి తీపి వెనక్కి తిరిగొచ్చింది. చైనావాళ్ళు దీన్ని 'హుయ్ గాన్' అంటారు, దీనిమీద పేజీలకి పేజీలు వర్ణనలు రాస్తారు. మనకి అంత అక్కర్లేదు. ఉసిరికాయ నమిలి మంచినీళ్ళు తాగితే ఏమవుతుందో అదే.

నాలుగు నుంచి ఏడో కప్పు దాకా దాని అసలు వైభవం. చేదు వెనక్కి తగ్గి, ఎండు ఖర్జూరం తీపి ముందుకొచ్చింది. ఊపిరి తీసుకుంటే కర్పూరం నాకినట్టు గొంతు చల్లబడింది. నాలుకమీద టీ పల్చగా జారిపోకుండా గంజితేటలా నిలబడింది. పదో కప్పు దాటాక రుచి అంటూ పెద్దగా లేదు, తియ్యటి వేణ్ణీళ్ళు. కానీ అవి కూడా వదలబుద్ధి కాలేదు. చివర్న ఆకుని పళ్ళెంలో పరిచి చూశాను. ఇది అసలు పరీక్ష. గోధుమరంగులో మెత్తగా, వేళ్ళతో విప్పితే విచ్చుకునేలా ఉంది. కుప్పపోసి పులియబెట్టినదైతే నల్లగా, బిరుసుగా ఉంటుంది, విప్పబోతే విరుగుతుంది. ఒక్క జాగ్రత్త. వయసొచ్చినా కెఫీన్ ఎక్కడికీ పోదు. రాత్రి ఎనిమిది తర్వాత తాగితే తెల్లారేదాకా సీలింగ్ ఫ్యాన్ రెక్కలు లెక్కపెట్టుకోవాలి.

ఇప్పుడు చెప్పండి, అది 2003దేనా? నాకు తెలిసింది ఒక్కటే. అది వయసున్న షెంగ్, బాగా కాపాడిన షెంగ్. 2003 అనేది పెద్దాయన మాట. 2001 కావచ్చు, 2006 కావచ్చు. ఏ నాలుకకీ అంత సూక్ష్మం అందదు. పాత బిళ్ళల కాగితాలమీద మామూలుగా తయారీ తేదీయే ఉండదు. ఉండే అంకెలు కూడా మనల్ని బోల్తా కొట్టిస్తాయి. షెంగ్‌లో అందరూ కొలబద్దగా పెట్టుకునే రకం పేరు 7542. ఇందులో 75 అంటే ఆ మిశ్రమం రూపుదిద్దుకున్న 1975, 4 అంటే ఆకు గ్రేడు, 2 అంటే మెంగ్‌హై ఫ్యాక్టరీ. మన భాషలో చెప్పాలంటే అది వెర్షన్ నంబరు, రిలీజ్ డేట్ కాదు. ఆ నంబరుతో కొత్త బిళ్ళలు ఇప్పటికీ వస్తున్నాయి. కానీ 75 చూసి అది 1975లో చేసిన టీ అనుకుని కొనేవాళ్ళు ఎప్పుడూ ఉంటారు, అలా అనుకోనిచ్చే అమ్మకందార్లు అంతకన్నా ఎక్కువ ఉంటారు.

'88 చింగ్' కథ దీనికి మంచి ఉదాహరణ. 1980ల చివర, 1990ల మొదట్లో తయారైన 7542 బిళ్ళల్ని హాంకాంగ్ వ్యాపారి వెస్పర్ చాన్ పెద్దయెత్తున కొన్నాడు. అప్పట్లో హాంకాంగ్ వర్తకులు టీ తొందరగా పండాలని తేమ గోదాముల్లో పెట్టేవాళ్ళు. ఈయన మాత్రం పొడిగా ఉన్న చోట ఉంచి, నెమ్మదిగా పండనిచ్చాడు. ఇవాళ ఆ టీ వేలంపాటల్లో అమ్ముడయ్యే సరుకు. పేరులో 88 ఉన్నంత మాత్రాన అన్నీ 1988వి కావు, 8 చైనావాళ్ళకి అచ్చొచ్చిన అంకె మరి. ఆ ఏళ్ళలో అదే ఫ్యాక్టరీ అదే 7542 ఎందరికో అమ్మింది. అన్నిటికీ ఇంత పేరు రాలేదు. తేడా ఆకులో లేదు, గదిలో ఉంది.

ఈ 'గది' సంగతి ఎవరూ పెద్దగా చెప్పరు. సంవత్సరమైతే కాగితంమీద అచ్చేయొచ్చు, గదిని అచ్చేయలేరు కదా. కున్‌మింగ్ దాదాపు 1900 మీటర్ల ఎత్తులో, చల్లగా, పొడిగా ఉంటుంది. అక్కడ 20 ఏళ్ళున్న బిళ్ళ ఇంకా కుర్రతనం పోకుండా, పచ్చి వగరుతో ఉంటుంది. హాంకాంగ్‌లో ఏడాదికి ఎనిమిది నెలలు గాలిలో తేమ సగటున 75 శాతం పైనే. అక్కడ అదే బిళ్ళ అన్నేళ్ళలో ఎర్రబడుతుంది. గాలాడకపోయినా, తేమ మరీ మితిమీరినా బూజు పట్టి చెత్తకుండీలోకి పోతుంది. ఒకే ఆకు, ఒకే ఏడాది, మూడు టీలు.

పాతదైతే చాలు బంగారం అనుకునే వేలంవెర్రి కూడా నడిచింది. 1995లో తైవాన్‌లో డెంగ్ షిహై పూ-అర్ మీద ఒక పుస్తకం రాశాడు. పాతబడేకొద్దీ పరిమళం పెరుగుతుందన్న మాట దాంతో ఊరూరా పాకింది. ధరలు ఎక్కుతూ ఎక్కుతూ 2007 వసంతం దాకా ఆకాశానికి వెళ్ళాయి. టీ తాగనివాళ్ళు కూడా బిళ్ళలు కొని పెట్టుకున్నారు. ఆ ఏడాదే బుడగ పేలింది. ఆఖర్న కొన్నవాళ్ళ దగ్గర సరుకు మిగిలింది, కొనేవాడు మిగల్లేదు. మన ఊళ్ళ చుట్టూ రియల్ ఎస్టేట్ చూసినవాళ్ళకి ఈ కథ ముగింపు చెప్పక్కర్లేదు.

ఇదంతా ఎందుకు తవ్వుతున్నానంటే, మా టీమ్‌లో కాకినాడ అన్నయ్య ఒకాయన ఉన్నాడు. ఈమధ్యే కొడుకు పుట్టాడు. నా దగ్గర ఆ టీ రుచిచూసి ఒక ఆలోచన చేశాడు. "తమ్ముడూ, వీడు పుట్టిన ఏడాది టీ ఒక కట్ట కొని దాచేస్తాను. వీడికి 20 వచ్చేసరికి చేతిలో పెడతాను. షేర్లకన్నా నయం కదా?" అన్నాడు.

పెట్టుబడి కింద అయితే వద్దే వద్దన్నాను. అమ్మేటప్పుడు అది మంచి గదిలో పెరిగిందని రుజువు చెయ్యడానికి మన దగ్గర ఏముంటుంది? కొట్టు పెద్దాయనకైతే కొట్టుంది, 40 ఏళ్ళ పేరుంది. మనకేముంది, లింక్డిన్ ప్రొఫైలా?

పోనీ అమ్మడానికి కాదు, వాడికోసమే అనుకుందాం. ఎక్కడ పెడతావు అన్నయ్యా అన్నాను. ఆయన తొమ్మిదేళ్ళ ఉద్యోగంలో ఐదు ఇళ్ళు మారాడు. హైదరాబాద్‌లో రెండు, చెన్నైలో ఒకటి, హాంకాంగ్‌లో ఇది రెండోది, మధ్యలో పుణెలో ఒక ఏడాది. చెన్నై తేమ, హైదరాబాద్ ఎండలు, సామాన్ల లారీలో వారం రోజులు, రేపు ఇంకో దేశమైతే హీటరు వేసిన అపార్ట్‌మెంటు. టీకి కావలసింది ఖరీదైన పరికరాలు కాదు. 60, 70 శాతం తేమ, ఎండ తగలని చోటు, కాస్త గాలి, అన్నిటికన్నా ముఖ్యంగా ఒక్కచోట ఉండటం. మనకి జీతాలొచ్చాయి, కార్లొచ్చాయి. 20 ఏళ్ళు కదలకుండా ఉండే అలమర ఒక్కటి మాత్రం లేదు. మూడేళ్ళ క్రితం రాసిన కోడ్‌నే పాతదని మార్చిపారేసే పనిలో ఉన్నాం. ఏదన్నా ఒక వస్తువుని మారకుండా ఉంచడం కాదు, మెల్లగా మారనివ్వడం ఎలాగో మనకెవరూ నేర్పలేదు.

"కాకినాడలో అమ్మ దగ్గర పెడితే?" అన్నాడు. తేమకి లోటులేదు, సముద్రం పక్కనే. ఇద్దరం కూర్చుని ఆ ఇంట్లో ఒక్కో గదీ వెతికాం. బీరువాలో కలరా ఉండలు. వంటింటి అటకమీద ఇంగువ డబ్బా, ఆవకాయ జాడీలు. దేవుడి గదిలో అగరుబత్తి. టీ పక్కనున్న ఏ వాసననైనా పీల్చేసుకుంటుంది. 20 ఏళ్ళ తర్వాత పిల్లాడికి కలరా ఉండల టీ ఇవ్వాల్సొస్తుందని ఇద్దరం పడీపడీ నవ్వాం. చివరికి మేడమీది గది తేలింది. వాసనలేని కొత్త మట్టికుండలో పెట్టి, మూతికి గుడ్డ కట్టి, వానాకాలంలో నెలకోసారి తీసి చూసుకుంటే చాలు.

"చూసేదెవరు?" అన్నాను.

"అమ్మే" అన్నాడు. కాసేపాగి, "అమ్మకిప్పుడు 63" అన్నాడు. తర్వాత చాలాసేపు టీ గురించి మాట్లాడుకోలేదు.

పాత టీ ధర ఎందుకంత ఉంటుందో నాకు ఆరోజు అర్థమైంది. అన్నేళ్ళూ ఒక ఇంట్లో ఒకరుండాలి. వానపడ్డప్పుడు మేడమీదకెళ్ళి కిటికీ వెయ్యాలి. ఈ పనికి జీతం లేదు, ప్రమోషన్ లేదు, సెలవు అసలే లేదు. ఆ పెద్దాయన కొట్లో నేను కొన్న 25 గ్రాముల్లో ఉన్నది అదే. అందుకే ఖరీదైంది అనిపించినా మోసపోయాననిపించలేదు. ఎక్కువ పెట్టి కొనండి అని చెప్పడం లేదు. సంవత్సరాన్ని చూసి డబ్బివ్వకండి, నాలుగు గ్రాములు తాగి చూశాక ఇవ్వండి అంటున్నాను. ఏ కొట్టువాడైనా తాగనివ్వనంటే, వాడి దగ్గర ఉన్నది కాగితమే.

అన్నయ్య విషయానికొస్తే, దాచడం వద్దు, తాగమన్నాను. కట్టలో ఏడు బిళ్ళలుంటాయి. ఇప్పుడొకటి విప్పి, తర్వాత మూడేళ్ళకొకటి చొప్పున విప్పితే ఏడోది పిల్లాడికి 18 నిండేనాటికి వస్తుంది. మధ్యలో ఇల్లు మారినా, దేశం మారినా, ఎవరు ఉన్నా లేకపోయినా, ఎప్పటికప్పుడు ఉన్నవాళ్ళు తాగుతారు. ఒక బిళ్ళ చెడిపోతే చెడిపోయిందని మూడేళ్ళకే తెలుస్తుంది, గది మార్చుకోవచ్చు. మొత్తం ఏడూ ఒకేసారి పండాలని కూర్చోవడంకంటే ఇది నయం కదా.

ఆయన ఒప్పుకున్నాడు. కట్ట కొన్నాడు. మొదటి బిళ్ళ వచ్చే దసరాకి కాకినాడలో విప్పుతారట. అందులో పాలు పొయ్యకుండా వాళ్ళమ్మగారి చేత తాగించే బాధ్యత మాత్రం వదిన మీద పెట్టాం.